మఠం వాకిట కాపలా

డోనల్ బావా,

మామయ్య పోయాడని తెలిసిన పూటే ఇక్కడ అమ్మ కూడా పోయింది. రేపు రెండు శవపేటికలూ ఫెలిమ్ దొర కట్టించిన మఠం శ్మశానానికే రావాలి. చివర పూడ్చిన మనిషి ఆత్మే తరువాతి శవం వచ్చేదాకా అక్కడ కాపలా కాయాలి కదా. "దొర వంశం వాళ్లం, మేం కాపలా కాయడమేమిటి!" అంటూ మనవాళ్లు తమ శవమే ముందు లోపలికి పోవాలని ఆ గేటు దగ్గర ఎన్ని తలలు పగలగొట్టుకున్నారో నీకు తెలుసు. మా తమ్ముళ్లు అప్పుడే కర్రలు తీశారు. నాకిక ఓపిక లేదు బావా. ముందు మీరే వెళ్లండి.

పొలం గొడవతో ఏళ్ల తరబడి మామయ్య మొహం చూడని అమ్మ, ఆ కబురు విని, పోయే ముందు ఒక్కటే అంది: "తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చీకటంటే భయం. వాణ్ణి ముందు పడుకోబెట్టమను. నేను మేలుకుని ఉంటాలే."