జానెడు ఎత్తు లేని కారు

డిసెంబరు 2, మంగళవారం

కారు వచ్చి నాలుగు రోజులు. ఇవాళ డిక్కీ తెరిచి చూశాను. స్టెప్నీ లేదు.

అడుగున పరిచిన పట్టా ఎత్తి చూశాను. దాని కింద ఇంకో అట్ట. దాని కింద ఏమీ లేదు. ఒక మూల దగ్గుమందు సీసాలాంటిది, పక్కన అరచేతిలో పట్టే గాలి పంపు. పంచర్ అయితే ఆ మందు టైరుకు తాగించాలట. బస్సు డిపో టైర్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు చేసినవాణ్ణి. టైరుకు మందు తాగించే రోజులు కూడా చూస్తున్నాను.

సురేష్‌ను అడిగాను. "ఇప్పుడు ఎవురూ స్టెప్నీ ఇయ్యరు నాయనా." అదేదో ఘనకార్యమైనట్టు చెప్పాడు. నా కొడుకే. బాగేపల్లిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాడు. చక్రానికి నట్లు ఎన్నిరా అంటే ఫోన్ తీస్తాడు.

వాళ్లమ్మ రత్న కోసమే కొన్నాడు, అది కాదనను. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాలు, డయాలసిస్. ఉదయం ఏడింటికి చిక్కబళ్ళాపురంలో బెడ్ మీద ఉండాలి. ఉంటే నాలుగు గంటలు రక్తం శుద్ధి. లేకపోతే బెడ్ ఇంకొకరికి. వాళ్లదీ ప్రాణమే. మనకు ఒక్కసారి తప్పిందా, మూడోరోజుకల్లా ఆమె కాళ్లు ఉబ్బి, ఊపిరి ఆడదు. బస్సులో కుదుపులు. అద్దె కారువాడు రోజుకో అబద్ధం. అందుకని కారు. సరే. కానీ ఇదా?

డిసెంబరు 3, బుధవారం

నేల మీద పడుకుని జానతో కొలిచాను. నేలకూ కారు కడుపుకూ మధ్య జానెడు కూడా లేదు. పిల్లి కూడా వంగి దూరాలి. కరెంటు కారు కదా, ఆ కడుపంతా బ్యాటరీ. మన ఊరికి తిరిగే కట్ రోడ్డు దగ్గర హంపు మీద గీరుకున్నప్పుడల్లా నా వెన్నుపూస జలదరిస్తుంది.

అనుమానం తీర్చుకోవడానికి ఇంటి ముందే ఎడమ వెనక చక్రంలో గాలి మొత్తం తీసేశాను. సురేష్ లుంగీతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏం నాయనా, బాగుండే టైరులో గాలి తీస్తాండావు?"

అనుకున్నదే. గాలి పోతే కారు ఇంకా కిందికి కూర్చుంటుంది. నా డిపో జాకీ కిందికి పోదు. నడిరోడ్డులో ఇదే అయితే అంతే, కారు పక్కన కూర్చుని భజన చేసుకోవాలి. వాడికి చూపించాను. "కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే వస్తారు నాయనా."

బెంగళూరు నుంచి. పొద్దున ఐదున్నరకు. మన ఊరికి. వస్తారు, వస్తారు.

డిసెంబరు 5, శుక్రవారం

వెళ్లాం. వచ్చాం. ఏమీ కాలేదు.

తిరుగుదారిలో పంచర్ అంగడి దగ్గర ఆపించాను. అంగడాయన జాకీ తెచ్చి నేరుగా బ్యాటరీ కింద పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని లాగాను. "అన్ని బండ్లకీ ఈడనే పెడతాండాం కదప్పా," అని నా మీదే కోపం. అన్ని బండ్లూ, అన్ని ఎద్దులూ ఒకటే ఈయనకు. ఇలాంటివాళ్ల చేతుల్లో దేశంలోని టైర్లన్నీ ఉన్నాయి.

ఇంటికొచ్చి, జాకీ పెట్టాల్సిన నాలుగు చోట్లా తలుపుల కింద తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టాను. సురేష్ మొహం ముడుచుకున్నాడు. "కొత్త కారుకు బొట్లు పెట్టినట్టుండాది."

బొట్లే. పెట్టాల్సినచోట పెట్టాను.

డిసెంబరు 6, శనివారం

ఉలవల కాలం వచ్చింది. కాబట్టి గంగులప్ప రోడ్డెక్కాడు.

మా తోట పక్క తోట వాడిదే. కళ్ళం అలికే ఓపిక లేదు, కూలి ఇచ్చే మనసు లేదు. ఉలవ కట్టె తెచ్చి తార్రోడ్డు మీద పరిచేస్తాడు. పోయే బండ్లు తొక్కి గింజ రాల్చాలి. బండ్లు పక్కనుంచి తప్పించుకుపోకుండా రెండు వైపులా రాళ్లు. సాయంత్రం గింజ ఎత్తుకుపోతాడు, రాళ్లు మాత్రం ఊరికి దానంగా వదిలిపెడతాడు. ప్రతి ఏడూ ఇంతే. డిపోలో ఉన్నప్పుడు ఈ రాళ్ల మహిమతో ఎన్ని టైర్లు పక్కలు చీరుకుని వచ్చాయో నాకు తెలుసు. టైరు అడుగున దిగిన మేకుకు మందుంది. పక్క చీలితే ఏ మందూ లేదు, పారేయడమే.

కారు దిగి చెప్పాను. పళ్లు బయటపెట్టాడు. "నా మాదిరి జీపు కొనుక్కోవాల్సిండె గదప్పా. ఆ చెప్పు మాదిరి కారుతో యాడికి పోతావు?"

సోమేనహళ్ళిలో ఎవడో వదిలించుకున్న పాత జీపు అది. దాని పొగకు ఆకులు నల్లబడతాయి. దానికింత గర్వం. ఇంట్లో చెప్పాను: రోడ్డు మీద రాయి వదిలేసేవాడు మనిషి కాడు. సురేష్ తల ఊపాడు. నా మాటకు వాడు తల ఊపడం ఈ ఏడాదిలో ఇదే మొదలు.

డిసెంబరు 8, సోమవారం

చింతామణి వెళ్లాను. డిపోలో నాతో చేసిన బాషాకు ఇప్పుడు పాత టైర్ల అంగడి. చక్రాలు కొండలా పోసుకుని మధ్యలో కూర్చున్నాడు. మధ్యాహ్నందాకా వెతికి, మన కారుకు సరిపోయేది ఒకటి పట్టుకున్నాం. టైరు ముసలిదే. అయినా చక్రం చక్రమే.

"రిటైర్ అయినా నీకు గాలి పిచ్చి పోలేదప్పా," అని నవ్వాడు. టీ తాగించాడు. రత్న ఎట్లుందని అడిగాడు. చెప్పాను. ఆపైన ఇద్దరం టైర్ల గురించే మాట్లాడుకున్నాం.

పొట్టి జాకీ ఒకటి, రెండు చెక్కలు కూడా తెచ్చాను. గాలిపోయిన చక్రాన్ని ముందు చెక్క మీదికి ఎక్కించాలి. రెండంగుళాలు లేస్తుంది. అప్పుడు జాకీ దూరుతుంది. డిపో విద్య. ఫోన్‌లో దొరకదు.

డిసెంబరు 9, మంగళవారం

పంచర్ కాలేదు. కొంచెం నిరాశ. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

డిసెంబరు 11, గురువారం

ఇంటి ముందు రిహార్సల్. రత్న అరుగు మీద గడియారం పట్టుకుంది. సురేష్, నేను చక్రం మార్చాలి. నలభై నిమిషాలు. సగం సేపు వాడు నట్లను ఎటు తిప్పాలో ఆలోచించాడు.

"ఇంతసేపట్లో నేను నడ్సుకుంటా పోయిందును చిక్కబళ్ళాపురానికి," అంది రత్న.

డిసెంబరు 13, శనివారం

పంతొమ్మిది నిమిషాలు. రత్న పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. సురేష్ నూనె చేతుల్తో నా చొక్కా పాడుచేశాడు. తిట్టలేదు.

డిసెంబరు 14, ఆదివారం

మన అరెకరం ఉలవ కోశాం. కొట్టడానికి కూలివాళ్లు లేరు. అడిగితే వచ్చేవారం అంటారు, వచ్చేవారం అడిగితే సంక్రాంతి అంటారు. సోమరులు. మబ్బు పడుతోంది. వాన పడితే గింజ కుళ్లుతుంది.

రేపు ఒక్కరోజు రోడ్డు మీద పరుస్తాను. రత్న అడిగింది. "గంగులప్పను అన్ని మాటలంటివి?"

వాడు వేరు. నాకు పద్ధతి తెలుసు.

డిసెంబరు 15, సోమవారం

తోట ముందు రోడ్డు మీద పరిచాను. రాళ్లు కావాలి కదా... పెరట్లో ఉన్నవే నాలుగైదు తీసుకుపోయాను. బండ్లవాళ్లు తెలివైనవాళ్లు, ఎంత చిన్న సందు దొరికినా పక్కనుంచి జారుకుంటారు. సందు లేకుండా పెట్టాను. రెండు లారీలు, స్కూలు బస్సు, లెక్కలేనన్ని బైకులు. గింజ బాగా రాలింది. పొద్దుగూకేలోపు, సురేష్ బాగేపల్లి నుంచి రాకముందే ఎత్తేశాను. రెండు మూటలు. నడుము విరిగింది. తిని పడుకుంటున్నాను. రేపు మంగళవారం.

డిసెంబరు 16, మంగళవారం

ఐదు నలభై. మంచు. సురేష్ నడుపుతున్నాడు, రత్న వెనక. మన తోట దాటుతుండగా పెద్ద చప్పుడు. కారు ఒక పక్కకు ఒరిగింది.

టార్చి వేశాను. ముందు ఎడమ టైరు, పక్క చీలిపోయింది, నాలుగు వేళ్లు దూరేంత. సీసా మందు తీయనే లేదు. చెక్క, జాకీ, చక్రం. ఇద్దరికీ మాట అవసరం లేకపోయింది. పద్దెనిమిది నిమిషాలు. రోడ్డు మీద రాయి అడ్డంగా ఉంటే సురేష్ పక్కకు దొర్లించాడు. నిలబడలేక రత్న దాని మీద కూర్చుంది, శాలువా కప్పుకుని.

"ఎవుడు నాయనా, ఈ పని చేసినోడు?"

"ఇంకెవడు. గంగులప్ప." నోట్లోంచి దానంతట అదే వచ్చింది. నిజంగానే అట్లా అనుకున్నాను.

నట్లు బిగించి లేచి, రత్నకు చెయ్యిచ్చి లేపాను. అప్పుడు పడింది టార్చి వెలుగు. ఆ రాతి అంచులో అరచందమామలా సగం బొక్క. విసుర్రాయి ముక్క, పాత తిరగలిది. రత్నకు వాళ్లమ్మ ఇచ్చింది, పగిలిపోతే పెరట్లో పడేశాం. నిన్న నా చేతులతో మోసుకొచ్చి పెట్టింది.

గింజ ఎత్తాను. రాళ్లు ఎత్తలేదు.

టార్చి ఆర్పేశాను.

టైరు ముసలిది, వేగంగా పోకూడదు. చేరేసరికి ఏడూ నలభై. "యాకె ఇష్టు లేటు?" అంది నర్సమ్మ, ఎందుకింత ఆలస్యమని. బెడ్ మీద ఎవరో పెద్దాయన ఉన్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నాలుగు గంటలకు బదులు రెండే దొరికాయి.

డిసెంబరు 17, బుధవారం

రత్నకు మూడు దిండ్లు కావాలి. పడుకుంటే ఊపిరి అందడం లేదు. పాదాలు నొక్కితే గుంట పడుతోంది. ఫోన్ చేస్తే శుక్రవారమే బెడ్ అన్నారు, నీళ్లు తగ్గించమన్నారు, మరీ ఆయాసమైతే వెంటనే తీసుకురమ్మన్నారు.

సురేష్ గంగులప్ప ఇంటి మీదికి పోయాడు. వీధివీధంతా విన్నారట. "రోడ్డు మీద రాయి వదిలేసేటోడు మనిషి కాడు" అన్నాడట. నా మాటే. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

"నాది కాదురా నాయనా, నేను మొన్ననే ఎత్తేస్తి," అన్నాడట గంగులప్ప. ఎవరూ నమ్మలేదట. ఎందుకు నమ్ముతారు?

నేను ఇంట్లోనే ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు.

డిసెంబరు 18, గురువారం

సాయంత్రం గంగులప్ప వచ్చాడు. తిట్టడానికనుకున్నాను. గడప దగ్గరే నిలబడ్డాడు. "రాయి ఎవురిదైతే ఏమప్పా. అమ్మ పానం ముఖ్యం. మీ టైరు వచ్చేదాకా నా జీపు ఉండాది. ఐదుకు వస్తా."

తల ఊపాను.

వాడు పోయాక రత్న, కళ్లు మూసుకునే, మధ్యమధ్యలో ఆగుతూ అంది. "ఆ రాయి నాకు తెలీదనుకున్నావా? ఇరవై ఏండ్లు ఆ బొక్కలో గింజలు పోసింది నేను."

ఆమె వెనక దిండు సర్దబోయాను.

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

డిసెంబరు 19, శుక్రవారం

ఆసుపత్రి వరండా. డైరీ వెంట తెచ్చుకున్నాను.

జీపు ఐదుకే వచ్చింది. ముందు సీటు నాకు. వెనక రత్న, సురేష్. సురేష్ గంగులప్ప మొహం వైపు చూడలేదు. తోట దాటగానే గంగులప్ప బండి ఆపి దిగాడు. హెడ్‌లైట్ వెలుగులో వంగి ఆ రాయిని ఎత్తాడు. ఆరోజు తొందరలో మళ్లీ అక్కడే వదిలేసి వచ్చామని అప్పుడు గుర్తొచ్చింది.

"ఇంగొకరికి తగుల్తాది," అన్నాడు. తిప్పి చూశాడు. "ఇసుర్రాయప్పా. పగిలినా ఇసుర్రాయే. ఎవురింటిదో, ఆడోళ్లు ఎతుకుతాంటారు." తెచ్చి వెనక, రత్న కాళ్ల దగ్గర పెట్టాడు.

వాడికి తెలుసా? తెలిస్తే ఆ మొహంలో కనపడాలి కదా. ఏమీ కనపడలేదు. మామూలు మొహం. ఇన్నేళ్లు నేను సరిగా చూడనే లేదు దాన్ని.

దారంతా మలుపు వచ్చినప్పుడల్లా రాయి కదిలి రేకుకు తగులుతూనే ఉంది. అద్దంలో రత్న కళ్లు. నా మీదే. మాట్లాడే ఓపిక లేదు. హంపులన్నీ జీపు దాటేసింది. ఎక్కడా గీరుకోలేదు.

ఆరు యాభైకి చేరాం. బెడ్ దొరికింది. నాలుగు గంటలు.

లోపలికి తీసుకుపోయేటప్పుడు చక్రాల కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూసింది. నన్ను, తర్వాత బయట జీపును.

గంగులప్ప గేటు దగ్గర టీ అంగడిలో ఉన్నాడు. సురేష్ దూరంగా చెట్టు కింద, ఇంకా మూతి ముడుచుకునే. గంగులప్ప చెయ్యెత్తి పిలుస్తున్నాడు. నాకూ ఒక టీ చెప్పినట్టున్నాడు. బల్ల మీద రెండు గ్లాసులు పొగలు కక్కుతున్నాయి.

లేవాలి...