బట్ట అంచున రాసిన పేరు

సిరిసిల్ల,
21-2-2012, మంగళవారం.

చిరంజీవి స్రవంతికి బాపు ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మ, నేను, ఎనిమిది సాంచాలు అందరం బాగానే ఉన్నాం. మగ్గాలను కూడా ఇంటి మనుషుల్లో కలిపేశానని నవ్వకు. వాటి చప్పుడు ఆగితే మీ అమ్మకు నిద్ర పట్టదని నీకు తెలుసు. నువ్వు జగిత్యాలలో వేళకు తింటున్నావని నమ్ముతున్నాం. నమ్మక చేసేదేముంది.

మీ అమ్మ శివరాత్రికి వేములవాడ పోయి ఇవాళ పొద్దున వచ్చింది. అక్కడ కోరుట్ల పెద్దమ్మ కలిసిందట. "సత్యా, స్రవంతి ఆఫీసుల మీ ఆయనకే సన్మానం జేస్తరట గదనే!" అని నలుగురిలో అన్నదట. అమ్మ అవునని కూడా అనలేదట. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పి, నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను కంచంలోంచి తల ఎత్తకుండా తిన్నాను. ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

నువ్వు పంపిన ఫారం వచ్చి రెండు వారాలైంది. పనిచేసే చోట ఆడవాళ్లకు సమానంగా చోటిచ్చి, వాళ్లను ముందు నిలబెట్టిన వాళ్లను మహిళా దినం నాడు మీ సమాఖ్య సన్మానిస్తుందని, నా పేరు నువ్వే ఇచ్చావని రాశావు. వివరాలు నింపి సంతకం పెట్టి పంపమన్నావు. ఫోన్ చేసినప్పుడల్లా "హలో, హలో, ఇనబడ్తలేదు బిడ్డా" అని పెట్టేశాను. సిగ్నల్ నిండా ఉంది. నోరే రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అడిగిన వాటిలో తేలికైనవి ముందు చెబుతాను. నా మోకాలి నొప్పి తగ్గింది. అమ్మ మందులు వేసుకుంటున్నది, నేను చూస్తే వేసుకుంటున్నది. చీరల మీద మగవాళ్ల అంగీలు తొడుక్కుంటే కొంగు సాంచ బెల్టులో పడదన్న ఆలోచన ఎవరిదని అడిగావు. అది దేవమ్మది. ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చి తొమ్మిదేళ్లు మన షెడ్డులో నూలు కండెలు చుట్టిన దేవమ్మ నీకు బాగా తెలుసు. నువ్వు పదో తరగతి పాసైతే కేకు తెచ్చి నీ నోట్లో పెట్టింది. తన పెనిమిటి పాత అంగీ తొడుక్కుని వచ్చి, "ఎట్లున్నదక్కా?" అని మీ అమ్మ ముందు ఒక చుట్టు తిరిగి చూపించింది.

ఇప్పుడు మన సాంచాలు నడిపే ఆడవాళ్లు ఎందరని అడిగావు. జవాబు కూడా నువ్వే పెన్సిల్‌తో "నలుగురు" అని రాసి పెట్టావు. ఒక్కరూ లేరు బిడ్డా. దీపావళి తర్వాత నలుగురినీ దింపేశాం. దింపేశాం అని రాశాను చూడు, దింపింది నేనే.

"ఆడవాళ్లను సాంచాల మీద నిలబెట్టాలని మొదట నీకు ఎట్ల తోచింది బాపూ?" అని అడిగావు. నాకు తోచనే లేదు. సకల జనుల సమ్మెలో మన సాంచాలు నడిపే ప్రభాకర్, ఇంకో కార్మికుడు శిబిరంలో కూర్చున్నారు. నేనూ రోజూ పోయి కూర్చునేవాణ్ణి. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. బస్సులు బందైనా దేవమ్మ మాత్రం ఏదో ఒక ఆటో పట్టుకుని వచ్చేది. ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే షెడ్డులో సాంచాల చప్పుడు. పోయి చూస్తే దేవమ్మ రెండు సాంచాలు నడుపుతున్నది. తెగిన పోగు అతుకుతూ నన్ను చూడను కూడా లేదు.

"ఎవలు జెప్పిండ్రు నీకు? చెయ్యి నలిగితే ఎవలు జవాబు?" అని అరిచాను.

"ఎవలు జెప్తరన్నా? తొమ్మిదేండ్ల సంది సూస్తున్న గద. కరెంటు ఉత్తగ పోతుంది. బట్ట దిగకుంటే రేపు నాకు కండెలు సుట్టుడు సుత ఉండది" అన్నది.

బంద్ చేయించాను. నేత అంటే మన ఇంటి విద్య, అందులోనూ మగవాళ్ల పని అని నా లోపల గట్టిగా ఉండేది. ఎక్కడినుంచో వచ్చి కండెలు చుట్టే మనిషి దాని మీద చెయ్యి వేయడం నాకు నచ్చలేదు. మరునాడు ఆమె మళ్లీ పెట్టింది. ఈసారి మీ అమ్మ అడ్డం నిలబడి, "నడువనియ్యి, నీదేం పోతుంది?" అన్నది. ఆ బట్టను వెలుతురులో పట్టుకుని గజం గజం చూశాను, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. పది రోజుల్లో ఆమే మరో ముగ్గురికి నేర్పింది.

దసరాకు నువ్వు మీ ఆఫీసు పిల్లలతో వచ్చావు. వాళ్లలో ఒకమ్మాయి, "ఎవరు నేర్పిండ్రు అంకుల్ వీళ్లకు?" అని అడిగింది. దేవమ్మ అక్కడే ఉన్నది. నేను, "నేనే అమ్మా. ఆడోళ్లు ముందటికి రావాలె గద" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! నీ ముఖం వెలిగిపోయింది. దేవమ్మ ఒక్కసారి నావైపు చూసి, నాడెలో కండె మార్చుకోవడానికి అటు తిరిగింది. నువ్వు నన్ను మధ్యలో నిలబెట్టి ఫోటో తీశావు. ఇప్పుడు ఫారానికి అంటించింది ఆ ఫోటోనే.

సంగతి ఇంతే అయితే, నా పేరు కొట్టేసి దేవమ్మ పేరు రాయమని ఒక ముక్క రాసి ఊరుకునేవాణ్ణి. ఇంకొకటి ఉంది. అది మీ అమ్మకు కూడా తెలియదు. రెండు వారాలుగా ఇక్కడికి వచ్చే ఆగిపోతున్నాను.

సాంచ మీంచి దిగిన ప్రతి బట్ట అంచున నేసిన వాళ్ల పేరు రాయడం మన దగ్గర పద్ధతి. ఏదైనా లోపం కనిపిస్తే ఎవరిదో తెలియాలని. ఆ నెలంతా ఆ నలుగురు నేసిన ప్రతి బట్ట మీద నా పేరే రాశాను. మనకు నూలిచ్చి బట్ట తీసుకుపోయే సేటు వచ్చి విప్పి చూసి, "లక్ష్మీరాజం, గింత సాఫుగ ఎప్పుడన్న నేసినవా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

సమ్మె ముగిసే ముందు ఆదివారం దేవమ్మ ప్రార్థనకు పోయింది. కరెంటు వచ్చింది కదా అని ఆమె సాంచ నేను పెట్టాను. అప్పుడే శిబిరంలో కూర్చునేవాళ్లు కొందరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మాటలు మొదలయ్యాయి. "మన నీళ్లు ఎవలో వాడుకుంటున్రు, మన కొలువులు ఎవలో ఎత్తుకపోయిండ్రు, మన పేరు లేకుండ జేసిండ్రు" అని చెయ్యి ఊపుతూ ఉపన్యాసం ఇస్తున్నాను. నా వెనుక పోగులు తెగిపోతున్నాయి. తిరిగి చూసేసరికి పది గజాలు సందులు సందులుగా నేసుకుపోయింది. పైన నూనె మరక ఒకటి.

ఆ బట్ట అంచున నేను "దేవమ్మ" అని రాశాను.

ఇది రాయడానికి పొద్దున్నుంచి నాలుగుసార్లు లేచి పోయి వచ్చాను. నీకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఆమె పేరు నేను జీవితంలో మొదటిసారి రాసింది అప్పుడే, నా తప్పు మీద.

గురువారం సేటు వచ్చి అందరి ముందూ ఆ బట్ట విప్పాడు. అప్పటికి సమ్మె అయిపోయి ప్రభాకర్ కూడా తిరిగి వచ్చాడు. "నేను జెప్పలేదా? ఆడోళ్లతోని సాంచలు నడుస్తయా?" అన్నాడు ప్రభాకర్. "ఇంకోసారి ఎక్కియ్యకు" అని సేటు. నేను సరేనన్నాను. ప్రభాకర్‌కు అతని సాంచ మళ్లీ ఇవ్వడానికి నాకూ ఒక సాకు కావాల్సి ఉండె. అది అక్కడ దొరికింది. దేవమ్మ ముందుకు వచ్చి వంగి ఆ అంచు చదివింది. ఆమె రోజూ బైబిలు చదువుకునే మనిషి.

"నా పేరు రాయొస్తదా అన్నా నీకు?" అన్నది. అంతే. టిఫిన్ డబ్బా తీసుకుని పోయింది. మళ్లీ రాలేదు. మన గల్లీలో మూడు షెడ్లలో పోయి అడిగిందని, "నువ్వు బట్ట ఖరాబ్ జేస్తవట గద" అని పంపించేశారని తర్వాత తెలిసింది. మిగతా ముగ్గురు మళ్లీ కండెల దగ్గర కూర్చున్నారు.

మొన్న శనివారం ఎల్లారెడ్డిపేట పోయాను. దేవమ్మ మక్క చేనులో కూలికి ఉన్నది. ఫారం సంగతి చెప్పి, "నీ పేరు రాయిస్త. స్టేజి మీద శాలువ గప్పుతరు" అన్నాను. పెద్ద మేలు చేస్తున్నవాడిలా అన్నాను.

"శాలువ నాకెందుకన్నా, ఎండకాలం అస్తుంటె?" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "నా పేరు ఏడ జెడగొట్టినవో గాడనే బాగుజెయ్యి. సేటు ముందట, ప్రభాకర్ ముందట గా బట్ట నాది గాదని జెప్పు. గప్పుడు నేను ఏ షెడ్డుకు వొయి అడిగినా సాంచ ఇస్తరు. నాతోని నేర్సుకున్న ఆ ముగ్గురికి సుత ఇస్తరు."

"చూద్దాం" అన్నాను. ఆమె మళ్లీ పనిలో వంగింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బస్సెక్కి హాయిగా వచ్చేవాణ్ణి. సిరిసిల్ల దాకా ఆ "చూద్దాం" నన్ను తింటూనే వచ్చింది.

ఫారం నింపకుండా తిప్పి పంపుతున్నాను. నీ ఆఫీసులో నీకు మాట వస్తుందని తెలుసు. "మా బాపు అబద్ధం చెప్పిండు" అనే చెప్పు, నన్ను కాపాడకు. దేవమ్మ పేరు రాయాలనుకుంటే నువ్వే పోయి ఆమెను అడుగు. నా చేతి మీదుగా ఆమెకు మెప్పు అందాల్సిన పని లేదు. ఈ ఉత్తరం చదివి మా బాపు ఎంత నిజాయితీ గల మనిషి అని మాత్రం అనుకోకు, నీకు దండం పెడతాను. నువ్వు ఫారం పంపకపోతే ఈ జన్మలో చెప్పేవాణ్ణి కాను.

ఎల్లుండి గురువారం సేటు వస్తాడు. దేవమ్మను రమ్మని కబురు పంపాను, వస్తానన్నది. మీ అమ్మకు ఇవాళ రాత్రి చెబుతాను. నిన్ను రమ్మంటే వస్తావు, కానీ రాకు. నువ్వు ఎదురుగా ఉంటే నీ దృష్టిలో మళ్లీ మంచివాణ్ణి కావడానికే చెబుతానేమో. వాళ్ల ముందు నోరు పెగులుతుందని నాకే నమ్మకం లేదు. అందుకే ఈ ఉత్తరం ముందుగా డబ్బాలో వేస్తున్నాను. నీకు తెలిసిపోయాక తప్పించుకునే దారి ఉండదు.

దేవమ్మ ఫోన్ నంబరు ఫారం వెనుక రాశాను. శుక్రవారం ఆమెకు ఫోన్ చెయ్యి. నేను చెప్పానో లేదో ఆమెనే అడుగు. నన్ను అడగకు. నా మాట నమ్మకు.

ఇట్లు,
నువ్వు అనుకున్నంత మనిషి కాని
నీ బాపు,
లక్ష్మీరాజం.