మక్క ఆకు ఫొటో

9 ఆగస్టు 2012, గురువారం. ఎల్లారెడ్డి.

కొడుకు దగ్గు తగ్గింది. కోడలి నడుము నొప్పి అలాగే ఉంది. నా మోకాళ్లు మామూలే. మక్క చేనుకే బాగాలేదు, ఆకుల నిండా మచ్చలు. ఫొటో పంపితే ఏ మందు కొట్టాలో చెబుతానన్నాడు వ్యవసాయ ఆఫీసరు.

కామారెడ్డి స్టూడియోలో పనిచేసే మనవరాలు లత కెమెరా తెచ్చింది. దగ్గరగా తీస్తే ఒక మచ్చ తేటగా, మిగతావి మసకగా వచ్చాయి.

"దగ్గరికి పోయినకొద్ది గింతే అవ్వా. జర ఎనుకకు జరగాలె, లెన్సు కన్ను చిన్నగ చెయ్యాలె" అన్నది. అప్పుడు వెలుతురు తగ్గి, ఆ కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వస్తుందని కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టింది. అయినా ముడుచుకున్న ఆకు అంచులు మసకే.

"నలభై ఏండ్లు బీడీలు చేసిన. ఆకు సాపు చేసుడు నాకు రాదా?" అని ఆ మక్క ఆకును తెంపి, బీడీల తునికాకులాగే తడిగుడ్డలో చుట్టి ఉంచి, తర్వాత చాటలో పరిచాను.

"ఇగ నా నౌకరి గూడ నువ్వే చెయ్యి" అని నవ్వింది లత. కెమెరాను ఆకుకు సరిగ్గా ఎదురుగా పెట్టి తీసింది. అన్ని మచ్చలూ తేటగా వచ్చాయి.

ఫొటో చూసిన ఆఫీసరు మందు పేరు చెప్పలేదు. చేను కళ్లారా చూడాలన్నాడట. అంత పెద్ద తెగులా? మసక ఫొటోనే పంపితే పోయేదేమో...

సోమవారం, పదమూడో తారీఖున వస్తాడు.