తలుపుకి ఇటు పక్క

శుక్రవారం, పొద్దెక్కాక

మా చెల్లికి, నిన్ను చంకనేసుకుని మోసిన అక్క ఆశీస్సులు. నువ్వూ మరిదీ పిల్లలూ చల్లగా ఉండాలి. నాకు అక్షరం రాదు కదా, రక్తం తీసుకోవడానికి వచ్చిన నర్సమ్మ మూతికి గుడ్డ కట్టుకుని రాస్తోంది. తిట్టింది తిట్టినట్టే రాయమన్నాను.

అక్క నన్ను గుమ్మంలోంచే తరిమేసిందని చుట్టాలందరికీ చెప్పావట. తరిమాను. ఎందుకో కూడా చెప్పి ఏడవాల్సింది.

నా కేన్సరుకి మిషను కింద పడుకోబెట్టి నడుము దగ్గర కరెంటు పెట్టారు కదా. రక్తం పుట్టేది ఆ ఎముకల్లోనేనట. గడ్డని కాల్చబోతే, రోగాల్ని అడ్డుకునే తెల్లకణాలు కూడా పడిపోయాయి. కావలి లేని ఇల్లయింది నా ఒళ్ళు. ఎవరి జలుబైనా నీ ప్రాణం మీదికి తెస్తుంది, కొన్నాళ్ళు ఎవర్నీ రానివ్వకని డాక్టరు గట్టిగా చెప్పాడు. నువ్వేమో వీధి మలుపు నుంచే ఖళ్ళుఖళ్ళున దగ్గుతూ వచ్చావు. తలుపు వెయ్యక పీట వెయ్యమంటావా?

నీ మొహం చూపించకు పో అని కిటికీలోంచి అరిచిన మాటా నిజమే. మెత్తగా చెబితే గుమ్మంలోనే చతికిలబడే రకానివి నువ్వు.

నేనేం బెంగపెట్టుకోలేదు. గోడ మీద బల్లితో మాట్లాడుతున్నా. ఎదురు చెప్పదు, నీకంటే నయం. పాలామె గిన్నె గేటు దగ్గరే పెట్టి పరుగెడుతుంది. పక్కింటావిడ నన్ను చూస్తే వీధి అవతలికి దాటుతుంది. నా ఒంట్లో కరెంటు వాళ్ళకి అంటుకుంటుందట! మిషను ఆపితే అదీ ఆగిపోతుందని డాక్టరు చెప్పాడు. నా వల్ల వాళ్ళకేమీ కాదే, వాళ్ళ వల్లే నాకు భయం.

తప్పు నీదే. ఒప్పుకో.

ఇట్లు,
మెత్తబడని నీ అక్క

మరో మాట: నర్సమ్మ కాగితం మడవబోతుంటే ఆపాను. అంటుకుంటుందన్న పుకారు పుట్టించింది నేనే. రావద్దంటే వినని జనం, భయపెడితే వింటారని పాలామె చెవిన వేశాను. వారం తిరక్కుండా వీధంతా పాకింది. ఇప్పుడు తెల్లకణాలు కోలుకున్నాయట, మనుషుల్ని రానివ్వమన్నాడు డాక్టరు. పొద్దుటి నుంచీ తలుపు తీసే ఉంచుతున్నా. ఎవరూ రావడం లేదు. అదంతా అబద్ధమన్నా నమ్మడం లేదు. పాలామె నీకూ చెప్పిందట, అంటుకుంటుంది పోవద్దని. విని కూడా వచ్చింది నువ్వొక్కదానివే.

ఆ రోజు నేను లోపలికి పోలేదే. తలుపుకి వీపు ఆనించి కింద కూర్చున్నా. అటు పక్క ఆనుకుని నువ్వు దగ్గినప్పుడల్లా ఆ చెక్క అదిరి నా వీపుకి తెలిసింది.

తగ్గిందా?