మామగారి లీగూ, నా మౌనవ్రతమూ

మే 28
వ్రతం మొదలు! జూన్ పదహారు దాకా ఇంట్లో బేస్‌బాల్ ఊసెత్తను. ఒట్టు.

మామూలుగా మా హిరోషిమా ఇంట్లో శాంతే. నా జట్టు సెంట్రల్ లీగు. మా ఆవిడ చిజురు పుట్టింటివాళ్ల సెండాయ్ జట్టు పసిఫిక్ లీగు. అటు ఆరు జట్లు, ఇటు ఆరు, ఎవరి పాట్లు వాళ్లవి. చివరి పోటీలు పక్కన పెడితే, ఏడాదిలో ఈ మూడు వారాలే రెండు లీగులూ కలబడేది. పోయినేడు ఇదే రోజుల్లో మామగారి డెబ్భయ్యో పుట్టినరోజు విందు. "మీ లీగులో బంతి విసిరే పిచర్ బ్యాటే పట్టడు, బదులు ఇంకొకడు కొడతాడు. అదీ ఒక ఆటేనా?" అన్నాను. తన జట్టు ఊదారంగు టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషి అన్నం దగ్గర్నుంచి లేచిపోయారు. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

చిజురు తేల్చేసింది. "ఏవండీ, నాన్న వస్తున్నారు. ఈసారి నోరు జారారో, ఆయనతోపాటు నేనూ సెండాయ్ రైలెక్కుతా." నవ్వుతూ అనలేదు.

మే 31
భేష్! మ్యాచ్ అయ్యేదాకా స్నానపు తొట్టిలోనే కూర్చున్నా. వేళ్లన్నీ ముడతలు. స్కోరు అడగలేదు. (ఎదురింటాయన కేకల్ని బట్టి గెలిచాం.)
"ఆరంభశూరత్వం" అంది చిజురు. చూద్దాంగా!

జూన్ 5
పేపర్లో స్కోరు చూడ్డం ఊసెత్తడం కిందకి రాదు. మేం మూడో స్థానం! మూడంటే అక్టోబరులో... వద్దు. నోర్ముయ్.

జూన్ 9
శబ్దం లేకుండా టీవీ చూడొచ్చు. వ్రతం నోటికి గానీ కంటికి కాదుగా? మా జట్టు ఎర్ర టోపీ పెట్టుకుని కాబేజీ తరిగా. ఇంట్లో టోపీ ఏంటంది చిజురు. తలకి చలి అన్నా.

జూన్ 14
మామగారు దిగారు. సెండాయ్ ప్రత్యేకం, ఆవు నాలుక మాంసం పొట్లం తెచ్చి చిజురు చేతికిచ్చారు.
"రండి మామగారూ."
"ఊఁ."
ఈ మూడు రోజులూ ఆయన జట్టుకీ నా జట్టుకీ మా ఊళ్లోనే ఆట. భోజనాల దగ్గర వానల గురించి మాట్లాడుకున్నాం, అదీ చిజురుతోనే. టీవీ మీద దుప్పటి.

జూన్ 16
ఆఖరి రోజు! మామగారే దుప్పటి తీశారు. నోట్లో బియ్యపు బిస్కెట్లు కుక్కుకున్నా.

మా గ్రౌండులో మా లీగు పద్ధతి, పిచర్ కూడా బ్యాటు పట్టాల్సిందే. వాళ్ల పిచర్ వచ్చాడు, చీపురిచ్చిన కొత్తల్లుడిలా. ఆగలేకపోయా.

"మామగారూ, ఏ కొస పట్టుకోవాలో మీవాడికి చెప్పండి!"

చచ్చాను. చిజురు లోపలికెళ్లింది. పెట్టె తీసిన చప్పుడు.

అప్పుడే ఠాప్! బంతి మావాళ్ల నెత్తిమీదుగా స్టాండ్లోకి. హోమ్ రన్!

మామగారు గంతేశారు. "చూశావా అల్లుడూ! ఏ కొసో తెలిసిందా? రోజూ కొట్టే మీ పిచర్లు ఇలా ఒక్కటి కొట్టారా? ఆ బిస్కెట్లు మింగి చెప్పు!"

"గుడ్డిదెబ్బ!"

"నీ మొహం! గుడ్డిదెబ్బట!" అని నా టోపీ లాగి దానిమీదే కూర్చున్నారు.

చిజురు పెట్టెతో వచ్చింది. "పదండి నాన్నా."

"ఎక్కడికే? నేను రాను. ఏడాదంతా ఒక్కణ్ణే టీవీతో పోట్లాడి చచ్చాను. అది తిరిగి ఒక్క మాటంటేనా! వీడంటాడు."

బిస్కెట్ల పళ్లెం ఆయన ముందుకు జరిపాను. చిజురు మా ఇద్దర్నీ చూసి, పెట్టెమీదే చతికిలబడి, "స్కోరెంత?" అంది.

జూన్ 17
మామగారు అక్టోబరు దాకా ఉంటారట! వాళ్ల జట్టూ వాళ్ల లీగులో మూడో స్థానమే. మూడోవాళ్లకీ చివరి పోటీల్లో చోటుంది. రెండు జట్లూ నెగ్గుకొస్తే, రెండు లీగుల విజేతలూ తలపడే జపాన్ సిరీస్‌లో మళ్లీ మేమూ వాళ్లూ!

పెట్టె మాత్రం గుమ్మం దగ్గరే ఉంది. "ఈసారి మీ ఇద్దర్నీ వదిలేసి నేనొక్కదాన్నే పోతా" అంది చిజురు. నవ్వుతూనే అంది, అనుకుంటా.

అందుకే వ్రతం మళ్లీ మొదలు. అక్టోబరు దాకా బేస్‌బాల్ ఊసెత్తను. ఒట్టు.

రేపట్నుంచి. పొద్దున టిఫిన్ దగ్గర ఆయనన్న మాటకి ఇంకా బదులివ్వలేదు.