నాన్న రైఫిల్ సంగతి

ఆల్బుకర్కీ,
అక్టోబరు 9, గురువారం.

అమ్మకు,

నీ దీవెన కోరుతూ లియాండ్రా రాస్తున్నది. ఈ నెల పద్దెనిమిదిన నాన్న సంవత్సరీకం భోజనాలయ్యాక, ఆయన రైఫిల్‌ని అందరి ముందూ ఎలోయ్ అన్నయ్య చేతిలో పెడతానని రాశావు. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను. వదిన వెళ్ళిపోయినప్పటి నుంచి అన్నయ్య నీ దగ్గరే తింటున్నాడు కదా, ఎప్పుడు ఫోన్ చేసినా అతనే ఎత్తుతున్నాడు. "ఏం టీచరమ్మా, మా ఇంటి గొడవలక్కూడా మార్కులేస్తావా? అమ్మ టోర్టిల్లా రొట్టెలు కాలుస్తోంది, తీరిక లేదు" అని పెట్టేస్తున్నాడు. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు. మన భాషలోనే, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నెమ్మదిగా నువ్వే చదువుకో.

నువ్వు పంపిన మిరపకాయలు అందాయి. కాల్చి, తొక్క తీసి మరీ పంపావు. నీ వేళ్ళు ఎంత మండి ఉంటాయో నాకు తెలుసు. మోకాలి మాత్ర గురించి అడిగావు. అది భోజనం తర్వాతే వేసుకోవాలి. పొద్దున్నే ఉత్త కాఫీతో మింగుతున్నావు కాబట్టే ఆ కడుపులో మంట. బళ్ళో పిల్లలు బాగున్నారు. చలి అప్పుడే మొదలైంది.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. చర్చికొచ్చే పెద్దావిడ డోన్యా ఉర్సులా నిన్ను భయపెట్టిందన్నావు. "ఈ రోజుల్లో రైఫిల్ చేతులు మారాలంటే తుపాకుల కొట్టుకెళ్ళాలి. వాళ్ళు మీవాడి పాత కేసులన్నీ తవ్వి చూసి సరేనంటేనే ఇవ్వాలి. లేకపోతే నీ ముసలితనం జైల్లోనే తల్లీ!" అందట. "నువ్వు చదువుకున్నదానివి, ఆ చట్టం చూసి చెప్పు" అన్నావు. చూశానమ్మా. రెండుసార్లు చదివి, తెలిసిన వకీలునూ అడిగాను. బయటివాళ్ళకు అమ్మితే ఆ తనిఖీ తప్పదు. తల్లి కొడుక్కి ఇస్తే అక్కర్లేదు. డోన్యా ఉర్సులా చెప్పింది తప్పు. ఏ కాగితమూ లేకుండా నువ్వు ఇవ్వొచ్చు.

అబద్ధం రాస్తే నా పని సులువయ్యేది. "అవును, జైల్లో వేస్తారు" అని ఒక్క ముక్క రాస్తే నువ్వు రైఫిల్ ఉన్న ఆ బీరువా తాళం తీసేదానివే కాదు. మన ఇంటికి ఏ కాగితం వచ్చినా నేను చదివి చెప్పిందే నీకు నిజం. ఆ నమ్మకాన్ని పాడుచేయడానికి చేయి రాలేదు. చట్టం ఇవ్వొచ్చనే అంటోంది. నేను మాత్రం ఇవ్వొద్దని బతిమాలుతున్నాను.

నోయెమీ వదిన నువ్వనుకుంటున్నట్టు ప్యూబ్లో ఊళ్ళో వాళ్ళమ్మ దగ్గర లేదు. ఆగస్టులో పాపను ఎత్తుకుని, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే నా గుమ్మం ముందు నిలబడింది. మెడ చుట్టూ వేళ్ళ గుర్తులు నల్లగా తేలి ఉన్నాయి. "నా రైఫిల్ ట్రక్కు బాగుచేయించడానికి అమ్మేశాను గానీ, అక్టోబరులో మా నాన్నది నా చేతికొస్తుంది. అప్పుడు చూస్తా, ఎంత దూరం పరిగెడతావో" అన్నాడట.

"తాగి ఏదో వాగి ఉంటాడు వదినా" అన్నాను నేను.

"తాగలేదు లియాండ్రా. పాపకి జడ వేస్తూ అన్నాడు" అంది.

ఇప్పుడు ఆమె ఎక్కడుందో నీకు రాయను. నీ దగ్గర నేను దాస్తున్నది అదొక్కటే. నీ మీద అనుమానమా అనకు. అన్నయ్య గట్టిగా నిలదీస్తే నీ మొహం చూసి కనిపెట్టేస్తాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. దీన్ని రాయలేక రెండు ఉత్తరాలు చించేశాను. వదినను కోర్టుకు తీసుకెళ్ళింది నేనే. ఆ గుర్తులు నా కళ్ళతో చూశానని సంతకం పెట్టాను. మొన్న మన ఇంటికి పోలీసు డెప్యూటీ వచ్చింది, అన్నయ్య నీకు చెప్పినట్టు ట్రక్కు దీపం పగిలినందుకు కాదు. వదిన దరిదాపులకు పోవద్దని జడ్జి రాసిన కాగితం అన్నయ్యకు ఇవ్వడానికి. తుపాకుల విషయం ఇరవయ్యొకటిన, మంగళవారం విచారణలో తేలుతుంది. ఆ రోజు నేను నిలబడి, సొంత అన్నకు వ్యతిరేకంగా మాట్లాడతాను. జడ్జి ఒప్పుకుంటే ఆ తర్వాత అతనికి తుపాకి ఇవ్వడం నేరం. శనివారం భోజనాల నాటికి మాత్రం నేరం కాదు. మధ్యలో ఆ మూడు రోజులూ ఆమెకు అడ్డు నువ్వొక్కదానివే.

ఆ రైఫిల్‌తో ఏదైనా జరిగితే ఎవరిచ్చారని అడుగుతారమ్మా. నిన్నటి దాకా నీకు నిజంగా ఏమీ తెలియదు. ఈ ఉత్తరం చదివాక తెలియదని అనలేవు. నీ నెత్తిన ఆ బరువు పెట్టింది నేను. తిట్టాలనిపిస్తే తిట్టు.

కొడుక్కి ఇవ్వకుండా నలుగురిలో ఎలా నిలబడాలి అంటావు. చట్టంలో కొడుకుకు ఉన్న వీలు కూతురికీ ఉంది. నాకివ్వు. "లియాండ్రా అడిగింది, ఇచ్చేశాను" అని అందరి ముందూ చెప్పు. చదువుకున్న పిల్లకు ఆశ ఎక్కువైందని మామయ్యలు ఎగతాళి చేస్తారు, అన్నయ్య నా మొహం చూడడు. పడతాను. నేను దాన్ని ఇంట్లో పెట్టుకోను, అదే రోజు పోలీసులకు అప్పగించి రసీదు తీసుకుంటాను.

బుధవారం, పదిహేనో తేదీ లోపల చర్చి ఆఫీసు ఫోన్ నుంచి నాకు జవాబు చెప్పు. సరేనంటే గురువారం బడి వదలగానే బయలుదేరి వచ్చి తీసుకెళ్తాను. కాదన్నా సరే, ఆ బుధవారం లోపలే చెప్పు. వదినను, పాపను ఈ రాష్ట్రం దాటించడానికి నాకు రెండు రోజులు కావాలి.

ఇట్లు,
నీ చిన్న కూతురు
లియాండ్రా