ఓవెన్ తాళంచెవి షాహిస్తాకే

బిస్మిల్లా. సత్తెనపల్లిలో బేకరీ నడిపే షేక్ జాన్ బాషా గారి భార్యను, షేక్ జానీబీని. వయసు యాభై. పదో తరగతి దాకా చదివాను. పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతితోనే ఇది రాస్తున్నాను. వచ్చే బుధవారం గుంటూరులో నాకు గర్భసంచి ఆపరేషన్. "ఏం భయం లేదమ్మా" అని డాక్టరమ్మ ఒక్కసారి అని ఊరుకుంటే కలం పట్టేదాన్ని కాదు. మూడుసార్లు అంది.

మా ధర్మంలో వారసుల వాటాలు ముందే నిర్ణయమై ఉన్నాయి. మావారిది మావారికి, మా అబ్బాయి వాసింది వాసింకు చేరుతుంది. నా ఇష్టప్రకారం రాయగలిగింది మూడో వంతు లోపే, అదీ వారసులు కానివాళ్ళకు. కాబట్టి ఆ ఇద్దరికీ నా నుంచి సలహాలే మిగులుతాయి. ముప్పై ఏళ్ళుగా ఇస్తున్నవే. ఒక్కటీ వాడలేదు కనుక ఇంకా కొత్తవిగానే ఉన్నాయి.

ఇందులోవి జరిపించే బాధ్యత మార్కు గారిది. ఆయన మిషన్ ఆసుపత్రిలో పోలియో కాళ్ళకు పట్టీలు చేసి రిటైరైన మనిషి. మాటకు నిలబడతారు.

1. మా పాత కరెంటు ఓవెన్, గాలి లాగే పంపు, డీప్ ఫ్రీజర్, ప్లాస్టర్ అచ్చులు నా కోడలు షాహిస్తాకు చెందాలి. ఆ ఓవెన్ నా పుట్టింటి గాజులు అమ్మి కొన్నది. ఎవరి బేకరీ ఆస్తీ కాదు.

అది దేనికో తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఆటో నడిపే నాగూర్ వలి కూతురు హీనాకు ఎడమకాలు పోలియో. ఐదేళ్ళ కిందట ఇనుప పట్టీలు వేయిస్తే, "పెద్దమ్మా, ఇది కాలు కాదు, గేటు" అంది. అప్పుడు వాసిం హైదరాబాదులో తను పనిచేసే చోట గడువు దాటిందని పారేసే నల్ల గుడ్డ అడిగి తెచ్చాడు. కార్బన్ దారంతో నేసి, ముందే జిగురు పట్టించిన గుడ్డ. ప్రీప్రెగ్ అంటారట. ఫ్రీజర్‌లో ఉంచకపోతే వాడకముందే గట్టిపడిపోతుంది. దాన్ని కాలి అచ్చు మీద పొరలుగా అంటించి, ప్లాస్టిక్ సంచిలో మూసి, గాలి లాగేసి ఓవెన్‌లో కాలిస్తే రాయిలా గట్టిపడుతుంది, బరువు మాత్రం చెప్పంత కూడా ఉండదు. కాలిదొప్ప అంటాం. వాసిం కాల్చిన మొదటి రెంటిలోనూ బుడగలొచ్చాయి. మూడోది నేను కాల్చాను.

2. నా తస్బీ, అదే జపమాల, కూడా షాహిస్తాకే. దొప్ప కాల్చేటప్పుడు వేడి నిమిషానికి రెండు డిగ్రీలకు మించి ఎక్కకూడదు. గడియారం చూస్తే నాకు కంగారు. అందుకని తస్బీ ఒక చుట్టు తిప్పి మీట ఒక గీత జరుపుతాను. నూట ఇరవై డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచాలి. ఆ తర్వాత దానంతట అదే చల్లారాలి. సెల్‌ఫోన్‌లో లెక్క చూసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. పుణ్యం మాత్రం సెల్‌ఫోన్‌లో రాదు.

3. నా మరిది రహమాన్‌కు ఓవెన్ తలుపు పిడి. పిడి మాత్రమే. రెండో ఏడు దొప్ప కాలుతుండగా "ఉడికిందా వదినా?" అంటూ వచ్చి తలుపు తీశాడు. దొప్ప వంకరపోయింది. హీనా ఇంకో నెల గేటు ఈడ్చుకుంటూ బడికి వెళ్ళింది. రంజానుకు ఆ ఓవెన్‌లో బిస్కెట్లు కాలుస్తానని ఇప్పటికీ అడుగుతున్నాడు. జిగురు కాలిన చోట తిండి కాల్చకూడదురా అంటే, "కడిగితే పోతుందిలే వదినా" అంటాడు. నాకు గొంతు పెంచడం రాదు. పిడి ఊడదీయించి, తలుపుకు తాళం వేయించాను. తాళంచెవి షాహిస్తాకే. పిడి బీరువాలో పసుపు సంచిలో ఉంది. శుభ్రంగా తుడిచే పెట్టాను.

4. పక్కింటి పున్నమ్మకు నా ఆకుపచ్చ పట్టుచీర. నిరుడు మేలో మా ఫ్రీజర్ చెడిపోతే, ఆమె భర్త బుల్లయ్య గారు తన మిరపకాయల బస్తాలతోపాటు మా గుడ్డ చుట్టనూ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టించారు. చుట్ట మీద కప్పిన పాత బొంతనే, దులపకుండా, లోపలి గాలి పంపుకు అందేలా దొప్ప మీద పరిచి సంచి మూశాను. తప్పు నాదే. వేడెక్కేసరికి పంపు ఆ మిరప ఘాటునంతా పీల్చి, కిటికీలోంచి బజారు మీదకు ఊదింది. బేకరీలో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా పారిపోయారు. పున్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఊరందరి దిష్టీ ఒక్కసారే తీస్తున్నావా జానీబీ!" అంది. నేను తలుపు తీయలేదు. ఆ దొప్పే ఇప్పటిదాకా చేసినవాటిలో బాగా వచ్చింది. పున్నమ్మ దగ్గుతూనే నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది కనుక ఈ చీర.

5. మావారికి సలహా. దొప్పలు మీరే కాలుస్తారని ఊరంతా అనుకుంటోంది. మీరు కాదనలేదు, నేనూ అనలేదు. మీరు చెప్పుకునేటప్పుడు మీ మొహం చూడ్డం నాకు ఇష్టం. ఇకముందు కూడా అలాగే చెప్పుకోండి. ఓవెన్ దగ్గరకు మాత్రం వెళ్ళకండి.

6. హీనాకు కొత్త దొప్ప. కాలు పెరుగుతుంది, దొప్ప పెరగదు. పాతది మడమ దగ్గర ఒరుస్తోంది. జూన్‌లో బడి తెరుస్తారు. కోల్డ్ స్టోరేజీ చలి చాలక చుట్టలో చాలాభాగం గట్టిపడిపోయింది. పనికొచ్చేది ఒక్క దొప్పకు సరిపడా. కత్తిరించి, సంచిలో చుట్టి, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాల కింద పెట్టాను. మార్కు గారి అచ్చు ఆరి సిద్ధంగా ఉంది. బయటకు తీశాక చెమ్మ ఆరేదాకా సంచి విప్పకూడదు. రెండో అవకాశం లేదు.

నేను తిరిగొస్తే మంచం మీద నుంచి చెబుతాను, షాహిస్తా చేస్తుంది. రాకపోతే, నలభై రోజుల ఫాతిహా ప్రార్థన అయ్యాక చూద్దామని ఎవరన్నా వినకండి. మూడో రోజు ఫాతిహా అవగానే, నాలుగో రోజు పొద్దున ఓవెన్ వేయండి. ఏడవాలనుకుంటే అది చల్లారడానికి మూడు గంటలు పడుతుంది, అప్పుడు ఏడవండి. తలుపు మాత్రం తీయకండి.

మార్కు గారూ, ఈ కాగితాలు మీ దగ్గరే ఉంచండి. ఎవరిది వారికి చెప్పి ఇచ్చేయండి, కాగితం చూపించకండి. ఐదో అంశం ఊళ్ళోవాళ్ళు చదివితే మావారు బజారులో తలెత్తుకోలేరు.

సత్తెనపల్లి, 20 మే 2007, ఆదివారం.

(సంతకం) షేక్ జానీబీ

నేను సంతకం చేయడం చూసినవారు, లోపల ఏముందో చదవనివారు:
1. దానయ్య, పోస్ట్‌మ్యాన్
2. అలీ సాహెబ్, టైలర్